ఇంటి నేలకు కలపా, రాయా?

చేనేతకు పేరుపడిన అమరచింతలో ఇల్లు కట్టుకుంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల అసర్ నమాజు తరువాత నా వద్దకు వచ్చాడు. "మౌలానా, పడకగదులకు చెక్క నేల వేయిద్దామనుకుంటున్నాను. సాలిడ్ ఉడ్ మంచిదా, ఇంజినీర్డ్ ఉడ్ మంచిదా తేలడం లేదు. సొమ్ము చాలకపోతే కొంత అప్పు తెస్తాను" అన్నాడు. కారణం అడిగాను. అద్దె ఇంట్లో నున్నటి టైల్స్‌పై జారిపడి అతని తల్లికి చేయి విరిగిందట. అప్పటినుండి ఆమెకు టైల్స్ అంటేనే భయమట.

అతనికి చెప్పినదే పాఠకులకూ మనవి చేస్తున్నాను.

సాలిడ్ ఉడ్ అంటే దుంగ నుండి కోసిన నిండు పలక. సాధారణంగా 18 నుండి 20 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గీతలు పడితే పైభాగాన్ని అరగదీసి, పాలిష్ పెట్టి పలుమార్లు కొత్తదిగా చేసుకోవచ్చు. అయితే కలప తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మనకు తెలిసినదే కదా! మన ప్రాంతపు మండువేసవికీ, వానలకూ మధ్య నిండు పలకలు వంగడానికీ, సందులు విడడానికీ అవకాశం ఎక్కువ.

ఇంజినీర్డ్ ఉడ్‌లో పైన అసలు కలప పొర, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా అతికించిన ప్లైవుడ్ పొరలు ఉంటాయి. ఒక పొర ఉబ్బబోతే అడ్డ పొర దానిని పట్టి ఆపుతుంది. కనుక ఇది తక్కువగా కదులుతుంది. కానీ పైపొర మందమే దాని ఆయుష్షు. 4 మిల్లీమీటర్లుంటే ఒకటి రెండుసార్లు అరగదీయవచ్చు. మరీ పలుచనైతే అదీ కుదరదు. ఇక లామినేట్ పైన ఉండేది కలప కాదు, కలప బొమ్మ అచ్చువేసిన కాగితం. ఈ మూడింటినీ 'వుడెన్ ఫ్లోరింగ్' అనే ఒకే పేరుతో పిలవడం కద్దు. కాబట్టి సరుకు రకాన్నీ, పైపొర మందాన్నీ బిల్లుపై రాయించుకోవాలి.

రెండింటికీ శత్రువులు నీరూ, చెదలూ. కొత్త కాంక్రీటు పూర్తిగా ఆరకముందే పలకలు పరిస్తే అవి పైకి లేస్తాయి. వ్యాకోచానికి గోడల వెంట సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. చెదల మందు పునాది దశలోనే కొట్టించాలి. నీళ్లు ఒంపి కడిగే అలవాటున్న ఇంట్లో కింది అంతస్తుకు కలప తగదు. వేయాలనే కోరిక ఉంటే మేడపై గదికి ఇంజినీర్డ్ ఉడ్ మేలు.

"ఇంతకూ మీ అమ్మీని అడిగావా?" అన్నాను. అతడు తలవంచుకున్నాడు.

మరునాడు ఆమెను వెంటబెట్టుకొని వచ్చాడు. మా వరండాలో పాలిష్ చేయని తాండూరు బండలు పరచి ఉన్నాయి. ఆ పెద్దామె వుజూ చేసుకొని, తడి పాదాలతోనే వాటిపై నడిచింది. "కాలు నిలుస్తోంది బేటా, ఇదే వేయించు. చలికాలంలో జంఖానా పరచుకుంటాను. వడ్డీ అప్పు తెచ్చి వేసిన నేలపై నాకు నిద్ర పట్టదు" అన్నది.

తాండూరు రాయి మన తెలంగాణదే. పొరుగు కర్ణాటక నుండి షాబాదు బండలూ వస్తాయి. ఇవి నీటికి ఉబ్బవు, వీటికి చెదలు పట్టవు, వేసవిలో చల్లగా ఉంటాయి. అయితే నున్నగా పాలిష్ పెట్టిస్తే ఇవీ తడిలో జారతాయని మరువకండి.

నేలను చూసి మెచ్చుకునే అతిథి గంటసేపు కూర్చొని వెళ్లిపోతాడు. తెల్లవారుజామున ఫజర్‌కు లేచి తడి కాళ్లతో నడిచేది ఇంటి పెద్దలే. బండ అయినా, కలప అయినా కొనేముందు ఒక ముక్కను తెచ్చి, తడిపి, వారిని దానిపై నిలబడి చూడమనండి.