పార్టీ బలపరిచిన సర్పంచ్: అపోహలు – వాస్తవాలు

గ్రామ పంచాయతీ ఎన్నికల్లో ‘పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అనే హోదా చట్టంలో ఎక్కడా లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ రహితంగానే జరుగుతున్నాయి. అయినా నామినేషన్ల రోజులు వచ్చేసరికి కర్నూలు, కడప పల్లెల్లో ఒకే మాట తిరుగుతుంది: అధికార పార్టీ బలపరిచిన మనిషి సర్పంచ్ కాకపోతే ఊరికి పైసా రాదు, తాగునీటి బోరు కూడా పడదు. ఈ మాటకు భయపడే పోటీకి సిద్ధమైనవారు ఉపసంహరణ కాగితం మీద సంతకం పెడుతున్నారు. రచ్చబండ దగ్గర పదవికి వేలం పాట నడుస్తోంది. ఓటరు దాకా ఓటే రావడం లేదు.

ముందుగా మద్దతు సంగతి. ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపల్ ఎన్నికల్లో పార్టీ బి-ఫారం ఇస్తుంది, గుర్తు ఇస్తుంది. ఆ గుర్తు మీద గెలిచినవారు మండల, జిల్లా పరిషత్ అధ్యక్ష ఎన్నికలో విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. సర్పంచ్‌కు ఇవేవీ లేవు. రాష్ట్ర ఎన్నికల సంఘం జాబితాలోని ఉంగరమో కత్తెరో అతని గుర్తు. అది కూడా కోరుకున్నది దొరకదు. పోటీలో మిగిలినవారి పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఆ వరుసలోనే గుర్తులు కేటాయిస్తారు. బ్యాలెట్ కాగితం మీద పార్టీ పేరు సరే, అభ్యర్థి పేరు కూడా ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. ఎమ్మెల్యే పక్కన నిలబడి దిగిన ఫొటోకు ప్రచారంలో ఎంత విలువైనా ఉండొచ్చు, ఎన్నికల అధికారి బల్ల మీద దానికి చోటు లేదు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల పోలింగ్ ముగిశాక తమ మద్దతుదారులు గెలిచిన పంచాయతీలు ఇన్ని అంటూ రెండు ప్రధాన పార్టీలూ లెక్కలు చెప్పాయి. రెండూ కలిపితే నూటికి నూరు దాటిపోయింది. అధికారిక రికార్డే లేని హోదాను ఎవరు ఎంతైనా లెక్కపెట్టుకోవచ్చు.

ఇక అసలు పుకారు, డబ్బు. పంచాయతీకి వచ్చే పెద్ద నిధి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం సిఫార్సులు 2020-21 నుంచి 2025-26 వరకు వర్తించాయి. ఈ గ్రాంటును ప్రధానంగా జనాభా లెక్కన పంచుతారు. ఆ లెక్కలో సర్పంచ్ ఏ పార్టీ మనిషన్న గడి లేదు. 2021-22 నుంచి 2025-26 వరకు ఇందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది, మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునే వీలుండేది. షరతులు ఉన్నాయి గానీ అవి వేరు: ఎన్నికైన పాలకవర్గం ఉండాలి, లెక్కలు, ఆడిట్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరి, 2021 దాకా ప్రత్యేకాధికారులే పంచాయతీలను నడిపిన కాలంలో కేంద్రం గ్రాంట్లకు గండి పడింది అందుకే. ఊరికి నిధులు ఆగింది ఎన్నిక జరగనందుకు, ఫలానా మనిషి గెలిచినందుకు కాదు. ఖాతా నుంచి డబ్బు కదలాలన్నా సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలు పడాలి. పార్టీ మండల అధ్యక్షుడి సంతకానికి అక్కడ చోటు లేదు.

అధికార పార్టీ మద్దతు ఊరి ఖాతాకు రక్షణ అనుకునేవారు 2021 చివరి నెలలు ఒకసారి గుర్తు చేసుకోవాలి. పంచాయతీల విద్యుత్ బకాయిల పేరుతో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సంఘం నిధులను డిస్కంలకు మళ్లించింది. సర్పంచులు చూసుకునేసరికి ఖాతాలు ఖాళీ. సీమ పల్లెల్లో కరెంటు బిల్లులో పెద్ద వాటా తాగునీటి బోర్ల మోటార్లదే. వాన తక్కువ, నీళ్లు లోతు, మోటారు గంటల తరబడి తిరగాలి, కాబట్టి ఇక్కడ దెబ్బ గట్టిగానే తగిలింది. అప్పుడు రోడ్డెక్కినవారిలో అధికార పార్టీ మద్దతుతో గెలిచిన సర్పంచులూ ఉన్నారు. మెడలో వేసుకున్న కండువా రంగు చూసి ఏ ఖాతాకూ మినహాయింపు దొరకలేదు.

ఇంత చెప్పినా పుకారులో ఒక పాలు నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ఆర్థిక సంఘం గ్రాంటు కాకుండా ఊరికి వచ్చే పనులు వేరే ఉంటాయి: ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసే సిమెంటు రోడ్డు, ప్రత్యేకంగా మంజూరయ్యే బోరు, కల్వర్టు. వీటిలో ఎమ్మెల్యే మాటకు బరువుంది. చేసిన పనికి బిల్లు త్వరగా రావడం, ఏళ్ల తరబడి రాకపోవడం కూడా రాజకీయాన్ని బట్టి మారుతుందని ఊళ్లో చిన్న కాంట్రాక్టరును అడిగినా చెబుతాడు. కానీ ఈ లెక్క మీద సర్పంచ్‌ను ఎంచుకోవడమూ తెలివితక్కువే. సర్పంచ్ ఐదేళ్లు, ఎమ్మెల్యే ఐదేళ్లు ఒకే రోజు మొదలుకావు, ఒకే రోజు ముగియవు. 2021లో ‘అధికార పార్టీ మనిషి’ అని ఎన్నుకున్న సర్పంచ్ 2024 జూన్ నాటికి ప్రతిపక్షం మనిషి అయ్యాడు. లేదా విప్ భయం లేదు కాబట్టి కండువా మార్చాడు. రెండింటిలో ఏది జరిగినా ఓటరు లెక్క తప్పినట్టే.

ఏకగ్రీవం మీద ఉన్న అపోహ దీనికి తోడబుట్టినది. ఏకగ్రీవ పంచాయతీలకు 2021లో ప్రభుత్వం ప్రకటించిన ప్రోత్సాహకం జనాభాను బట్టి నిర్ణయించినది: 2,000 లోపు ఉంటే 5 లక్షలు, 5,000 వరకు 10 లక్షలు, 10,000 వరకు 15 లక్షలు, ఆపైన 20 లక్షల రూపాయలు. ఇందులోనూ పార్టీ ప్రస్తావన లేదు. ఇది ఒక్కసారి ఇచ్చే సొమ్ము, ఐదేళ్ల గ్రాంటుకు ప్రత్యామ్నాయం కాదు. పోటీ జరిగిన ఊరికి గ్రాంటు తగ్గదు. వేలం పాట సొమ్ము గుడికి పోతోంది కాబట్టి తప్పు లేదన్న సమర్థన మరీ విడ్డూరం. పోటీ చేయడం, చేయకపోవడం, నామినేషన్ ఉపసంహరించుకోవడం కూడా ఎన్నికల హక్కులోకే వస్తాయి. వాటిని డబ్బుతో ప్రభావితం చేస్తే భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం లంచమే. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ దోషులే. ఏకగ్రీవాన్ని ప్రశ్నించే అధికారం ఎవరికీ లేదన్నదీ అబద్ధమే. 2021 తొలి విడతలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాల ప్రకటనను ఎన్నికల సంఘం నిలిపివేసింది, నివేదికలు తెప్పించుకున్నాకే వదిలింది.

మిగతా నమ్మకాలకు ఎక్కువ చోటు అక్కర్లేదు. నోటాకు ఎక్కువ ఓట్లు పడితే మళ్లీ ఎన్నిక జరుగుతుందన్నది ఇక్కడ చెల్లదు, ఒక్కరే మిగిలితే అసలు పోలింగే ఉండదు. మహిళా సర్పంచ్ బదులు భర్త సంతకం ఏ కాగితం మీదా చెల్లదు. వేరేవాడికి ఓటేస్తే సర్పంచ్ పింఛను తీసేస్తాడన్నది ఉత్త బెదిరింపు, పింఛను అర్హత నిబంధనల ప్రకారం నడుస్తుంది. పల్లెలో మద్దతు అంటే సిద్ధాంతమన్న ఊహ కూడా పట్టణంలో కూర్చున్నవారిదే. సిద్ధాంతం మీద నిలబడ్డ పార్టీ ఒకప్పుడు ఉండేది: రాజాజీ, ఎన్.జి. రంగా 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీ సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించే స్పష్టమైన మితవాద పార్టీ, 1967లో రాష్ట్ర శాసనసభలో 29 స్థానాలు గెలిచింది. ఇప్పటి పల్లెలో జెండా వర్గాన్ని బట్టి ఎగురుతుంది. వర్గం మారితే జెండా మారుతుంది.

ఊరి ఓటు మీద ఎన్నికలకు బయట కూడా ఒక అపోహ ఉంది. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగ్ అనుకోవడం ఖరీదైన పొరపాటు. ఒక ప్రశ్న మీద ఊరంతా ఓటేసి తేల్చే పద్ధతి మన పంచాయతీ చట్టంలో లేదు. పర్యావరణ అనుమతి కోసం జరిపే విచారణలో ఎంతమంది వద్దన్నారో లెక్కపెట్టి నిర్ణయించరు, అభ్యంతరాలు నమోదు చేసి పైకి పంపుతారు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టుకు 2006లో ఈ విచారణ జరిగింది, అభ్యంతరాలు వచ్చాయి, గనీ మిల్లూ వచ్చాయి. 2024 చివర్లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు గ్రామస్తులు ఆందోళనకు దిగారు, తవ్వకాలు ఉండవని అధికారులు ప్రకటించారు. అక్కడ పనిచేసింది ఒత్తిడి, ఓట్ల లెక్క కాదు. గ్రామసభల మాటతోనే ప్రాజెక్టు ఆగిన సందర్భం ఒడిశా నియమగిరి. 2013లో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. అది అటవీ హక్కుల చట్టం కింద సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగింది, ప్రతి ఊరికీ వర్తించేది కాదు.

నిధులు ఆగిపోతాయని ఎవరైనా బెదిరిస్తే వాదన అక్కర్లేదు. ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీ పేరు కొట్టి, ఏ ఏడాది ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో చూడాలి. ప్రత్యర్థి వర్గం సర్పంచ్‌గా ఉన్న పక్క ఊరి లెక్కా అక్కడే దొరుకుతుంది. పోటీలో ఉన్నవారు నామినేషన్ రసీదు జాగ్రత్త చేసుకోవాలి. ఖాళీ ఉపసంహరణ ఫారం మీద ‘మాటకోసం’ సంతకం చేసి పెద్దమనుషుల చేతికి ఇవ్వకూడదు. బలవంతం జరిగితే ఉపసంహరణ గడువు తీరకముందే రిటర్నింగ్ అధికారికీ ఎన్నికల పరిశీలకుడికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏకగ్రీవం ప్రకటించేశాక మిగిలేది ఎన్నికల ట్రిబ్యునల్ ఒక్కటే, అక్కడ పిటిషన్ వేయడానికి గడువు 30 రోజులు.