పెద్ద గొంతు రాకముందు

యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ దాటి రహమత్ నగర్ సందుల్లోకి మళ్లితే జూబ్లీహిల్స్ వెనకబడిపోతుంది. సినిమా మాత్రం వెంటే వస్తుంది. కృష్ణానగర్ నుంచి ఇటు అద్దె గదుల్లో లైట్‌మన్‌లుంటారు, జూనియర్ ఆర్టిస్టులుంటారు, పల్లె పాట పట్టుకుని బస్సు దిగిన కుర్రాళ్లుంటారు. ఆ కుర్రాళ్లకు రికార్డింగ్ థియేటర్ అంటే ఒక లాప్‌టాప్, ఒక మైకు, తలుపుకు వేలాడదీసిన బొంత. పక్కింటి కుక్కర్ కూతలు ఆగాలి, ఆటోలు సద్దుమణగాలి. టేకులు అర్ధరాత్రికి జరిగేది అందుకే.

ఇండస్ట్రీ లెక్కలో డెమో అంటే చెరిపెయ్యడానికి పాడేది. డమ్మీ మాటలతో ట్రాక్ సింగర్ పాడతాడు. ట్యూన్ ఓకే అయ్యాక పెద్ద గొంతు వచ్చి ఆ చోట కూర్చుంటుంది. సొంతంగా పాట కట్టి పాడుకునేవాడికి ఈ లెక్క కుదరదు, అతని డెమోయే పాట. గాయకుడు రామ్ మిరియాలనే తీసుకోండి. 'చౌరస్తా' బ్యాండ్‌తో 'ఊరెళ్ళిపోతా మామ' లాంటివి సినిమా అండ లేకుండానే జనంలోకి వెళ్లాయి. 2020లో వాళ్ల కరోనా పాట ఫోన్లన్నీ చుట్టొచ్చింది. 2021లో 'జాతిరత్నాలు' నుంచి 'చిట్టి' వచ్చేనాటికి ఆ గొంతును ఎవరూ పరిచయం చెయ్యాల్సిన పని లేకపోయింది. మరుసటి ఏడాది 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ, గొంతు రెండూ ఆయనవే.

డప్పు మీద నడిచే పాటకు ఒకే వేగం ఉండదు. గుంపు అందుకున్నకొద్దీ అడుగు పెరుగుతుంది, ఆఖరి చరణం పరుగు తీస్తుంది. స్టూడియోలో క్లిక్ పెట్టగానే నిమిషానికి ఇన్ని దెబ్బలని ఖరారైపోతుంది. ఆపైన శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇస్త్రీ పెడుతుంది. పాట బాగానే ఉంటుంది, కాదనను. పాడినవాడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో మాత్రం ఇక తెలియదు. నాకైతే కుక్కర్ కూత వినబడినా మొదటి టేకే కావాలి.

బాబ్ డిలాన్ 1962-64 మధ్య పాటల ప్రచురణకర్తల కోసం పాడిన డెమోలు అలాంటివే. స్వరాలు రాసుకుని కాపీరైట్ నమోదు చెయ్యడానికి, వేరే గాయకులకు వినిపించడానికి పాడించారు. దగ్గులతో సహా ఆ 47 పాటలూ 2010లో ఆల్బమ్‌గా వచ్చాయి.

మన దగ్గర అలాంటి నమోదు పత్రమే ఉండదు. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' పాట మీద గొడవ రేగింది. ఆ పాట తాను ముందే టీవీలో పాడానని జానపద గాయని కోమలి నిలదీశారు. అడగ్గలిగింది టీవీలో పాడారు కాబట్టే. గదిలో పాడి వాట్సాప్‌లో పంపినవాళ్లు ఏం చూపిస్తారు? చట్టం ప్రకారం కాపీరైట్‌కు నమోదు తప్పనిసరి కాదు. 2012 సవరణ సినిమా పాటల రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఖాయం చేసింది. కానీ పాట తనదేనని ముందు రుజువు కావాలి. అందుకే టేకు మొదట్లో తేదీ, పేరు చెప్పమంటాను. అమ్మమ్మ నోట విన్న పాటైతే ఆమె పేరు, ఊరి పేరు కూడా. దానికి స్టూడియో అద్దేమీ పెరగదు.