కుండలో చల్లబడిన పానకం

చైత్ర శుద్ధ నవమినాడు శ్రీరామచంద్రమూర్తికి నివేదించే పానకం పాలూ పెరుగూ అవసరం లేని వేసవి పానీయం. మంగళగిరి కొండపై పానకాల నరసింహస్వామివారికి భక్తులు సమర్పించేదీ ఇదే. స్వామివారు అందులో సగం స్వీకరించి, మిగిలినది ప్రసాదంగా విడిచిపెడతారని విశ్వాసం.

నివేదనకు ముందు రుచి చూడరాదు కనుక గృహిణులకు కొలత తెలిసి ఉండాలి. లీటరు మంచినీటిలో 150 గ్రాముల బెల్లం కరిగించి, నలకలు పోయేలా పలుచని వస్త్రంతో వడకట్టాలి. అరచెంచా మిరియాల పొడి, పావుచెంచా శొంఠి పొడి, దంచిన 4 ఏలకులు కలిపి, తులసిదళాలు వేయాలి. పచ్చకర్పూరం వేయదలిస్తే ఆవగింజంత చాలు. హారతి కర్పూరం విషతుల్యం; పొరపాటున కూడా కలపరాదు.

ఇక చల్లదనం సంగతి. కొన్ని పందిళ్లలో బజారు మంచుగడ్డలు పగులగొట్టి గంగాళంలో వేస్తున్నారు. ఆ మంచు ఏ నీటితో చేసినదో ఎవరికి తెలుసు? పసిపిల్లలూ, ఉపవాసమున్న వృద్ధులూ పుచ్చుకునే ప్రసాదమది! ముందురోజే నానబెట్టి కడిగిన కొత్తకుండలో పానకం పోసి, తడివస్త్రం చుట్టి, గాలి తగిలే నీడలో ఇసుకపై ఉంచండి. తడి ఆవిరవుతున్నకొద్దీ పానకం చల్లబడుతుంది. మంచు తప్పదనుకుంటే కాచి చల్లార్చిన నీటితో ఇంట్లోనే గడ్డకట్టించుకోవాలి. మధుమేహం ఉన్నవారు ఉద్ధరిణెడు తీర్థంలా పుచ్చుకుంటే చాలు.