లాలనతో వికసించే మెదడు

శిశువుకు ఆకలి తీర్చడం, చలి నుండి కాపాడడం పోషణ. బిడ్డ కేరింతకు బదులు పలకడం, ఏడుపుకు కారణం గ్రహించి ఓదార్చడం లాలన. పోషణ వల్లనే బిడ్డ ఎదుగుతుందనీ, లాలన కేవలం ముద్దుముచ్చట అనీ భావించేవారు నేటికీ ఉన్నారు. అయితే మెదడు వికాసానికి లాలన కూడ ఆహారం వంటిదేనని శాస్త్రపరిశోధనలు తెలుపుతున్నాయి.

అప్పుడే పుట్టిన శిశువు మెదడు బరువు పెద్దవారి మెదడు బరువులో సుమారు నాలుగోవంతు మాత్రమే ఉంటుంది. రెండేళ్లు నిండేసరికి అది దాదాపు నాలుగింట మూడు వంతులకు చేరుతుంది. నాడీకణాలలో అధికభాగం పుట్టుకకు ముందే ఏర్పడతాయి. పుట్టిన తర్వాత విస్తారంగా పెరిగేవి ఆ కణాలను కలిపే సంధులు. తరచుగా వాడుకలో ఉన్న సంధులు బలపడతాయి. వాడుక లేనివి క్రమంగా తొలగిపోతాయి. పదిమంది నడిచే కాలిబాట నిలిచి ఉంటుంది. నడక లేని బాటను గడ్డి కప్పివేస్తుంది. బిడ్డ 'ఊ' అన్నప్పుడు తల్లి కూడ 'ఊ' అని నవ్వితే, ఆ బాటపై ఒక అడుగు పడినట్లే. చూపు, మాట, నమ్మకం అనేవన్నీ ఇటువంటి అసంఖ్యాకమైన అడుగులతో ఏర్పడిన బాటలే.

ఆ అడుగులే పడకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు రుమేనియా చరిత్ర విషాదకరమైన సమాధానం చెప్పింది. ఆ దేశాన్ని పాలించిన చౌసెస్కు జనాభాను పెంచదలచి, 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. పెంచే స్తోమత లేని కుటుంబాలు ఎందరో పిల్లలను ప్రభుత్వ శిశుగృహాలకు అప్పగించాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం పతనమయ్యే నాటికి అటువంటి గృహాలలో లక్షమందికి పైగా పిల్లలు ఉన్నారు. వారికి వేళకు పాలు పట్టేవారు ఉన్నారు గాని పలకరించేవారు లేరు. ఒక్కొక్క ఆయా ఎందరో బిడ్డలను చూడవలసి వచ్చేది. ఏడ్చినా ఎవరూ రానందువల్ల ఏడవడమే మానివేసిన పసివారితో ఆ గదులు నిశ్శబ్దంగా ఉండేవి.

2000 సంవత్సరంలో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే అమెరికా శాస్త్రవేత్తలు రాజధాని బుకారెస్ట్‌లో ఒక పరిశోధన ప్రారంభించారు. శిశుగృహాలలోని 136 మంది పిల్లలను ఎంపిక చేశారు. వారి వయస్సు 6 నుండి 31 నెలలు. చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా వారిని రెండు సమభాగాలుగా విభజించారు. 68 మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. మిగిలినవారి సంరక్షణ యథాప్రకారం కొనసాగింది. వారికి వేరొక కుటుంబం దొరికితే వెళ్లడానికి అడ్డు చెప్పలేదు. అయినా కొందరికి ఒడి దొరకగా కొందరు గృహాలలోనే ఉండిపోవడం పరిశోధకులను కూడ కలచివేసిన నైతిక సమస్య.

ఫలితాలు స్పష్టంగా వెలువడ్డాయి. శిశుగృహాల పిల్లల మెదడులో విద్యుత్ చలనం బలహీనంగా ఉన్నట్లు తొలి పరీక్షలలోనే తేలింది. నాలుగున్నరేళ్ల వయస్సులో పరీక్షించగా, పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లలు తెలివితేటలలో మిగిలినవారిని మించి ఉన్నారు. రెండేళ్లు నిండకముందే కుటుంబానికి చేరినవారి మెదడు విద్యుత్ చలనం, ఎనిమిదేళ్ల నాటికి సాధారణ పిల్లలలో కనిపించే స్థితికి చేరువైంది. అయితే పోగొట్టుకొన్నదంతా తిరిగి రాలేదు. ఏకాగ్రత లోపం వంటి కొన్ని ఇబ్బందులు కుటుంబంలో చేరిన తర్వాత కూడ చాలమందిని వీడలేదు. ఆలస్యమైన లాలన వ్యర్థం కాదు. కాని సకాలంలో అందిన లాలనకు అది సాటి రాదు.

రుమేనియా ఈ గుణపాఠాన్ని విస్మరించలేదు. తీవ్రమైన వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్ల లోపు పిల్లలను శిశుగృహాలలో చేర్చరాదని 2004లో శాసనం చేసింది.

ఆ గృహాలలోని ఆయాలందరూ కఠినాత్ములు కారు. ఒక్క మనిషికి అంతమంది బిడ్డలను అప్పగించిన ఏర్పాటులోనే అసలు దోషం ఉంది. అందుచేత పసిపిల్లల లాలన కేవలం తల్లి బాధ్యత అనుకోరాదు. తల్లి పొలానికో, కార్యాలయానికో వెళ్లినప్పుడు తండ్రి, అమ్మమ్మ, తాతయ్య, అంగన్‌వాడీ కార్యకర్త ఎవరైనా ఆ బిడ్డకు బదులు పలకవచ్చు. దానికి ఖరీదైన ఆటవస్తువులు అవసరం లేదు. బిడ్డ ముఖంలోకి చూసి చెప్పే మాట, నిద్రపుచ్చే జోలపాట, భయపడినప్పుడు దగ్గరకు తీసుకొనే చేతులు చాలు. అవి ప్రతి బిడ్డకూ సకాలంలో అందేటట్లు చూడడం కుటుంబానికే కాక సమాజానికీ, ప్రభుత్వానికీ కూడ కర్తవ్యం.