ఉత్పత్తి సగమైనా కరెంటు బిల్లు సగం కాదెందుకు? చిన్న ఫ్యాక్టరీలు తెలుసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్‌లోని కాటేదాన్, జీడిమెట్ల, బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో వేలాది చిన్న యూనిట్లు నడుస్తున్నాయి. ప్లాస్టిక్ మౌల్డింగ్, బిస్కెట్లు, ఇనుప సామాను, ప్యాకింగ్ డబ్బాలు... ఇలా ఎన్నో రకాలు. పాతబస్తీ నుంచి రోజూ పనికి వెళ్లేవారు, సొంతంగా చిన్న షెడ్డు వేసుకుని యూనిట్ నడిపేవారు ఈ వాడల్లో చాలామందే ఉన్నారు. ఆర్డర్లు తగ్గిన నెలలో ముడిసరుకు ఖర్చు తగ్గుతుంది, ఓవర్‌టైమ్ తగ్గుతుంది. కానీ కరెంటు బిల్లు మాత్రం అంతగా తగ్గదు. లాభం అంతంతమాత్రంగా ఉండే చోట ఈ తేడా నేరుగా యజమాని జేబు మీద, ఆ తర్వాత కూలీల జీతాల మీద పడుతుంది.

మరి ఉత్పత్తి సగానికి పడిపోయినా బిల్లు సగం ఎందుకు కాదు? దీనికి జవాబు తెలిస్తే, పెద్దగా పెట్టుబడి లేకుండానే బిల్లులో కొంత భాగం తగ్గించుకోవచ్చు.

ఒక చిన్న లెక్క

ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఉందనుకోండి. ఒక నెలలో 10 టన్నుల సరుకు తీసింది, 12,000 యూనిట్ల కరెంటు కాలింది. మరో నెల 5 టన్నులే తీసింది. కరెంటు 6,000 యూనిట్లు కావాలి కదా? కానీ మీటర్‌లో 8,500 వచ్చింది.

అంటే 5 టన్నులు తగ్గితే 3,500 యూనిట్లే తగ్గాయి. టన్నుకు 700 యూనిట్లు అన్నమాట. ఈ లెక్కన 10 టన్నులకు 7,000 యూనిట్లు చాలు. మిగతా 5,000 యూనిట్లు? అవి సరుకు తీసినా, తీయకపోయినా కాలిపోయేవే. గాలి లీకులు, ఖాళీగా తిరిగే మోటార్లు, ఎవరూ లేకున్నా నడిచే ఫ్యాన్లు, అవసరం లేకున్నా వేడిగా ఉంచే హీటర్లు అన్నీ ఇందులోనే దాక్కుంటాయి.

ఈ 5,000లో కొంత తప్పనిసరి. కానీ అంతా తప్పనిసరి కాదు. పొదుపు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. ఏ యూనిట్ అయినా ఆరు నెలల బిల్లులు, ఆరు నెలల ఉత్పత్తి లెక్కలు పక్కపక్కన రాసి చూసుకుంటే ఈ అంకె బయటపడుతుంది. దీనికి కావాల్సింది ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను.

బిల్లులో కనపడని ఖర్చులు

కాలిన యూనిట్లకే కాదు, ఇంకొన్నింటికి కూడా డబ్బు కట్టాల్సిందే. వాటిలో మొదటిది కాంట్రాక్ట్ డిమాండ్. హెచ్‌టీ కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇంత లోడు వరకు వాడుకుంటామని విద్యుత్ సంస్థతో ఒప్పందం ఉంటుంది. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తారు.

ఒప్పందం 150 కేవీఏ అయితే 80 శాతం అంటే 120. వాస్తవంగా వాడింది 90 మాత్రమే అయినా 120కే కట్టాలి. అంటే వాడని 30 కేవీఏకి ప్రతి నెలా డబ్బు పోతున్నట్టే. కేవీఏకి 500 రూపాయలు అని లెక్క వేసుకున్నా నెలకు 15,000 రూపాయలు. ఏడాది బిల్లులు చూసి, ఎప్పుడూ అంత లోడు రాదని తేలితే ఒప్పంద డిమాండ్ తగ్గించుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఒప్పంద గడువు నిబంధనలు ముందే చూసుకోవాలి. మరీ తగ్గించి, తర్వాత ఆ హద్దు దాటితే అదనపు ఛార్జీ పడుతుంది. ఉదయం అన్ని మెషిన్లూ ఒకేసారి ఆన్ చేయకుండా ఒక్కొక్కటిగా మొదలుపెడితే ఆ హద్దు దాటకుండా చూసుకోవచ్చు.

రెండోది పవర్ ఫ్యాక్టర్. మోటార్లు పని చేయడానికి తీసుకునే కరెంటుతో పాటు, లోపల అయస్కాంత శక్తి కోసం మరికొంత లాగుతాయి. దానివల్ల పని జరగదు, కానీ లైన్ల మీద భారం పడుతుంది. హెచ్‌టీ వినియోగదారులకు కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి ఆ భారం కూడా బిల్లులోకి ఎక్కుతుంది. 10,000 యూనిట్ల పని జరిగిన చోట పవర్ ఫ్యాక్టర్ 0.80 ఉంటే 12,500కు కట్టాలి. 0.98 ఉంటే దాదాపు 10,200కు కడితే చాలు. తేడా 2,300 యూనిట్లు. సరైన కెపాసిటర్లు పెడితే ఇది సరిపోతుంది. పాడైపోయిన కెపాసిటర్లు ప్యానెల్‌లో అలాగే ఉండిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. నెలకోసారి ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించాలి.

మూడోది సమయం. హెచ్‌టీ పరిశ్రమలకు రద్దీ వేళల్లో యూనిట్ ధర ఎక్కువ, రాత్రి వేళ తక్కువ. గ్రైండర్, నీటి పంపు లాంటివి ఏ వేళ నడిపినా పని జరుగుతుంది. వాటిని రద్దీ వేళల నుంచి పక్కకు జరిపితే సరుకు తగ్గకుండానే బిల్లు తగ్గుతుంది.

చెవికి వినపడే లీకు

ఇంట్లో నల్లా కారుతుంటే వెంటనే కట్టేస్తారు. ఫ్యాక్టరీలో గాలి పైపు బుస్సుమంటుంటే ఎవరూ పట్టించుకోరు. గాలి ఊరికే వస్తుందని అనుకోవడమే దీనికి కారణం. కానీ కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చాలా ఖరీదైనది. దానికి పెట్టిన కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది.

7 బార్ ఒత్తిడి వద్ద సుమారు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి ఉంటే దాదాపు 3 కిలోవాట్ల కరెంటు వృథా అవుతుంది. రెండు షిఫ్టులు, అంటే రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 14,400 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే లక్షా 15 వేల రూపాయలు! ఒక్క రంధ్రానికి.

దీన్ని కనిపెట్టడం సులువు. భోజన విరామంలోనో, శుక్రవారం జుమా విరామంలోనో గాలి వాడే పనులన్నీ ఆపి, కంప్రెసర్‌ను మాత్రం నడవనివ్వాలి. అది ఎంతసేపు లోడు తీసుకుంటోంది, ఎంతసేపు ఖాళీగా ఉంటోంది గడియారం పెట్టి చూడాలి. ఎవరూ గాలి వాడకపోయినా 2 నిమిషాలు లోడు, 6 నిమిషాలు ఖాళీ అయితే 25 శాతం గాలి లీకుల్లోనే పోతోందని అర్థం. అప్పుడు జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వచ్చిన చోటే లీకు. అవసరానికి మించి ఒత్తిడి పెట్టడం కూడా నష్టమే. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటులో 6 నుంచి 7 శాతం ఆదా అవుతుంది.

మోటార్లు, ఫ్యాన్లు, హీటర్లు

ఫ్యాక్టరీల్లో కాలే కరెంటులో ఎక్కువ భాగం మోటార్లదే. కాలిపోయిన మోటార్‌ను మళ్లీ మళ్లీ వైండింగ్ చేయించడం మామూలే. వైండింగ్ సరిగా చేయకపోతే ప్రతిసారీ దాని సామర్థ్యం కొంత పడిపోతుంది. 10 హెచ్‌పీ మోటార్‌లో పాత ఐఈ1 రకం సామర్థ్యం 86 శాతం, ఐఈ3 రకానిది 90.4 శాతం. పూర్తి లోడుపై ఏడాదికి 6,000 గంటలు నడిస్తే తేడా దాదాపు 2,500 యూనిట్లు, అంటే 20,000 రూపాయల దాకా. కాబట్టి బాగున్న మోటార్‌ను తీసి పారేయాల్సిన పనిలేదు కానీ, ఎక్కువ గంటలు నడిచే మోటార్ కాలిపోయినప్పుడు వైండింగా, కొత్తదా అని లెక్క వేసి నిర్ణయించాలి.

ఫ్యాన్లు, పంపుల విషయం వేరు. గాలి ఎక్కువైందని డంపర్ మూయడం కంటే వేగం తగ్గించడం మేలు. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే అది తీసుకునే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. వేగం మార్చే వీఎఫ్‌డీ పరికరం ఇందుకే. అయితే ఎప్పుడూ పూర్తి వేగం కావాల్సిన చోట దానివల్ల లాభం లేదు.

మౌల్డింగ్ మెషిన్ బ్యారెల్ మీద వేడి తగలని తొడుగు వేస్తే హీటర్ తక్కువ సేపు పనిచేస్తుంది, పక్కన నిలబడే కార్మికుడికీ సెగ తగ్గుతుంది. అచ్చు మార్చే గంటసేపు హైడ్రాలిక్ పంపు ఊరికే తిరగనివ్వకూడదు.

ముందు ఏది, తర్వాత ఏది?

కరెంటు ఖర్చు అనగానే కప్పు మీద సోలార్ పెట్టాలనే ఆలోచన వస్తుంది. అది మంచిదే. కానీ లీకులు అలాగే ఉంచి సోలార్ పెడితే, ఆ లీకులకు సరిపడా పలకలు కూడా కొన్నట్టే. ముందు ఖర్చు లేని పనులు: ఖాళీ మెషిన్ల స్విచ్ ఆపడం, లీకులు కట్టడం, బిల్లు చదవడం. తర్వాత కెపాసిటర్లు, తొడుగులు లాంటి చిన్న ఖర్చులు. వీటికి అప్పు, వడ్డీ జోలికి పోనక్కర్లేదు. ఆ మిగిలిన డబ్బుతో మోటార్లు, వీఎఫ్‌డీ, చివరగా సోలార్.

2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002లో ఏర్పడిన కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, బీఈఈ, ఎనర్జీ ఆడిటర్లకు పరీక్షలు నిర్వహిస్తోంది. తెలంగాణలో టీజీరెడ్కో ఈ పనులు చూస్తుంది. యూనిట్ పెద్దదైతే అర్హత ఉన్న ఆడిటర్‌తో ఒకసారి కొలతలు తీయించడం మంచిది. అయితే మెషిన్ అమ్మేవాడు చెప్పే పొదుపును కొనేముందు సొంత మీటర్‌తో సరిచూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం మెషిన్ దగ్గర నిలబడే మనిషి. ఏ పైపు బుసకొడుతోందో, ఏ మోటార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోందో మొదట తెలిసేది అతనికే. చెప్తే వినే యజమాని ఉంటే అతను చెప్తాడు. రోజూ ఉదయం మీటర్ రీడింగ్, సాయంత్రం తీసిన సరుకు గోడ మీద బోర్డులో రాస్తే, కిలోకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో అందరికీ కనపడుతుంది. ఆ అంకె ఒక రోజు పెరిగితే ఎందుకు పెరిగిందని అదే రోజు వెతకొచ్చు. నెలాఖరున బిల్లు వచ్చాక వెతికితే అప్పటికే డబ్బు పోయి ఉంటుంది.