మీకు తెలుసా? పిలిచినా పలకని స్పీకర్ల సంగతి

2014లో అమెజాన్ తెచ్చిన తొలి ఎకో స్పీకర్ నెత్తిన ఏడు మైక్రోఫోన్లు ఉండేవి. మాట ఏ దిక్కు నుంచి వచ్చిందో పసిగట్టి, మిగతా రొదను తగ్గించడానికే అన్ని.

'అలెక్సా' అన్న పిలుపును స్పీకరే గుర్తుపడుతుంది. ఆ తర్వాతి మాట మాత్రం చాలావరకు ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్లకు వెళ్లి రావాలి. అందుకే పిలవగానే దీపం వెలిగినా పని జరగకపోతే ముందు వైఫై చూడాలి. ఎకోపై ఎర్ర దీపం నిలిచి ఉంటే, ఎవరో మైక్ ఆపేశారన్నమాట. బల్బు ఒక్కటే మొండికేస్తోందా? చాలా స్మార్ట్ బల్బులు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కనెక్ట్ అవుతాయి. రెండు పరికరాలకు ఒకే పేరు పెట్టినా తికమకే. అన్నిటికన్నా పనికొచ్చేది అలెక్సా యాప్‌లోని వాయిస్ హిస్టరీ. స్పీకర్ చెవిన ఏం పడిందో అక్కడ అక్షరాల్లో కనిపిస్తుంది.

పిలవకపోయినా పలికిన సందర్భాలున్నాయి. 2017 ఏప్రిల్‌లో అమెరికాలో బర్గర్ కింగ్ టీవీ ప్రకటన 'ఓకే గూగుల్' అనగానే, ఇళ్లలోని గూగుల్ హోమ్ స్పీకర్లు వొప్పర్ బర్గర్ గురించి చదవడం మొదలుపెట్టాయి. కొద్ది గంటల్లోనే గూగుల్ దానికి అడ్డుకట్ట వేసింది.

స్పీకర్‌ను కిటికీకి ఎదురుగా పెట్టకపోవడమే మేలు. 2019లో మిషిగన్ యూనివర్సిటీ, టోక్యో పరిశోధకులు నోరు మెదపకుండా, కేవలం లేజర్ కాంతితో ఇలాంటి మైక్‌లకు ఆదేశాలిచ్చి చూపించారు. అదీ 110 మీటర్ల దూరం నుంచి!