గనిలోకి దిగే ముందు



మన గుండుగొలనులో రాత్రి క్లాసుకు వచ్చే ఒక పిన్నిగారు మొన్న నన్నొక మాట అడిగారు. "అమ్మాయ్, మా పెద్దాడికి సింగరేణి బొగ్గు గనిలో పని దొరికింది. నేల లోపలికి దిగాలంట. లోపల గాలి ఆడుతుందా? పైకప్పు కూలదా? వాడు వెళ్ళిన కాణ్ణించీ నాకు నిద్ర పట్టట్లేదు" అన్నారు.

ఆవిడకి జవాబు చెప్పాలని నేను చదివాను. చదివితే గనుల సంగతి ఒక్కటే కాదు, మన బావి సంగతి, మన ఇంట్లో కుంపటి సంగతి కూడా తెలిసింది. అందుకే అందరి కోసం రాస్తున్నాను.

బొగ్గు ఎక్కడ ఉంది?

కోట్ల ఏళ్ళ కిందట పెద్ద పెద్ద అడవులు బురదలో కూరుకుపోయాయి. వాటి మీద ఇసుక, మట్టి పొరలు పొరలుగా పడ్డాయి. ఆ బరువుకి, లోపలి వేడికి ఆ చెట్లే బొగ్గుగా మారాయి. గోదావరి లోయ పొడుగునా ఇలాంటి బొగ్గు ఉంది. మన ఏలూరు జిల్లాలో చింతలపూడి వైపు కూడా నేల అడుగున బొగ్గు ఉందని శాస్త్రవేత్తలు కనుక్కున్నారు.

1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దాని పెద్దాఫీసు కొత్తగూడెంలో ఉంది. జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా మనం అక్కడికి వెళ్ళొచ్చు.

కొన్ని చోట్ల నేలను పైనుంచే తవ్వి బొగ్గు తీస్తారు. కొన్ని చోట్ల సొరంగం వేసి లోపలికి దిగుతారు. లోపల బొగ్గును వీధులు వీధులుగా తవ్వుతారు. మధ్య మధ్యలో బొగ్గునే స్తంభాల్లా వదిలేస్తారు. ఆ స్తంభాలే పైకప్పును మోస్తాయి.

కప్పును తట్టి చూడటం

సంతలో కుండ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? వేలు మడిచి తట్టి చూస్తాం. ఖంగుమంటే కొంటాం. డొల్ల చప్పుడు వస్తే పక్కన పెడతాం. పగులు కంటికి కనబడకపోయినా చెవికి తెలిసిపోతుంది.

గనిలోనూ అంతే. సర్దారు పొడుగాటి కర్రతోనో, ఇనప కడ్డీతోనో కప్పును తట్టి చూస్తాడు. గట్టి చప్పుడు వస్తే రాయి అతుక్కుని ఉన్నట్టు. డొల్ల చప్పుడు వస్తే పొర ఊడినట్టు. ఊడిన రాయిని దూరం నుంచి కిందికి లాగేయాలి. లేదా దానికి ఆసరా పెట్టాలి. మన దేశంలో నేల లోపలి బొగ్గు గనుల్లో కప్పు కూలడం వల్ల ఎంతోమంది చనిపోయారు. అందుకే ఈ పరీక్ష అంత ముఖ్యం.

కానీ చెవి ఒక్కటే చాలదు. 1980లలో ధన్‌బాద్‌లోని గనుల పరిశోధకులు కప్పుకు మార్కులు వేసే పద్ధతి తయారుచేశారు. మొత్తం 100 మార్కులు. పొర మందానికి 30. పగుళ్ళు లేకపోతే 25. నీళ్ళు తగిలినా చెదరకుండా ఉంటే 20. రాయి గట్టిదనానికి 15. నీరు కారకుండా ఉంటే 10. మార్కులు తగ్గేకొద్దీ ఆసరా పెంచాలి. కప్పులోకి పొడుగాటి ఇనప బోల్టులు దించి, పై పొరల్నీ కింది పొరల్నీ కలిపి బిగిస్తారు.

కనపడని గాలి

బొగ్గులోంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 100 పాళ్ళ గాలిలో అది 5 నుంచి 15 పాళ్ళ వరకు ఉంటే, ఒక్క నిప్పురవ్వ చాలు. గని పేలిపోతుంది.

పూర్వం గనుల్లో మామూలు దీపాలతో పనిచేసేవారు. వాటివల్లే ప్రమాదాలు జరిగేవి. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త దీపం చుట్టూ సన్నని తీగ జల్లెడ కట్టాడు. జల్లెడ మంట వేడిని లాగేస్తుంది. మంట బయటి వాయువుకు అంటుకోదు. పైగా మీథేన్ ఉంటే మంట మీద నీలి రంగు తొడుగు కనిపిస్తుంది. మంచి గాలి తక్కువైతే మంట సన్నబడుతుంది. దీపమే కబురు చెప్పేది.

ఇంకో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్. ఏదన్నా గాలి చాలక సగం సగం కాలితే ఇది పుడుతుంది. ఇది నెత్తురులోకి చేరి, ప్రాణవాయువు చోటు ఆక్రమిస్తుంది. మనిషికి ముందు తలనొప్పి, తర్వాత మగత వస్తాయి. ఆ మగతలోనే ప్రాణం పోతుంది. 1896లో బ్రిటన్‌లో ఒక గని పేలింది. జాన్ హాల్డేన్ అనే డాక్టరు శవాలను పరీక్షించాడు. చాలామంది చనిపోయింది పేలుడు దెబ్బకు కాదు, ఈ వాయువు వల్ల అని తేల్చాడు. చిన్న ప్రాణులకు ఈ విషం త్వరగా ఎక్కుతుంది. కాబట్టి చిన్న పిట్టను పంజరంలో తీసుకెళ్ళమని సలహా ఇచ్చాడు. పిట్ట తూలితే మనుషులు బయటికి వచ్చేయాలి. బ్రిటన్ గనుల్లో 1986 దాకా పిట్టల్ని వాడారు. ఆ పని ఇప్పుడు వాయువును కొలిచే యంత్రాలు చేస్తున్నాయి.

గట్టు అవతలి నీరు

కొల్లేరు పక్కన ఉన్న మనకి చెరువు గట్టు సంగతి చెప్పక్కర్లేదు. గట్టు సన్నబడితే ఏమవుతుందో మనకు తెలుసు. పాత గనుల్లో పని ఆగాక నీరు నిండుతుంది. పక్కన కొత్త గని తవ్వుతుంటే మధ్యలో ఉన్న బొగ్గు గోడే గట్టు.

1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీరు విరుచుకుపడింది. 375 మంది చనిపోయారు. 2003 జూన్ 16న మన సింగరేణిలోనే, గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అందుకే పాత గనుల పటాలు భద్రంగా ఉంచాలి. పాత గనికి 60 మీటర్ల లోపుకి తవ్వుకుంటూ వెళ్ళాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని నియమం పెట్టారు. ముందుకు సన్నని బెజ్జాలు వేసి, అవతల నీరుందేమో చూస్తారు.

ఊపిరితిత్తుల్లో దుమ్ము

ఈ ప్రమాదం ఒక్కరోజులో రాదు. ఏళ్ళ తరబడి వస్తుంది. కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. కంటికి కనిపించనంత సన్నది ఊపిరితిత్తుల అడుగుకి పోతుంది. కోలారు బంగారు గనుల్లో తెలుగువాళ్ళు, తమిళులు చాలామంది పనిచేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. 1940లలో అక్కడి కార్మికులను డాక్టర్లు ఎక్సరే తీసి పరీక్షించారు. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ జబ్బు బయటపడింది. ఈ జబ్బు వస్తే నయం కాదు. రాకుండా చూసుకోవడమే దారి. రాయిని తడిపి తొలవాలి. గాలి బాగా ఆడాలి. ఎప్పటికప్పుడు ఎక్సరే తీయించాలి. రాళ్ళ క్వారీలో, క్రషర్ దగ్గర పనిచేసే మనవాళ్ళకీ ఇదే మాట. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు.

మన ఇంటి సంగతి

గనులు మనకు దూరం. కానీ ఆ గాలులు మన ఊళ్ళోనూ ఉన్నాయి.

చలికాలంలో బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి, తలుపులు, కిటికీలు మూసేస్తాం. ఆ నిప్పుల్లోంచి వచ్చేది కూడా కార్బన్ మోనాక్సైడే. పొగ లేదు కదా అనుకోవద్దు. అది కనపడదు. తల్లీబిడ్డలున్న మూసిన గదిలో కుంపటి పెట్టకండి.

పాడుబడ్డ బావిలో అడుగున మంచి గాలి ఉండకపోవచ్చు. పూడిక తీయడానికి మనిషి దిగేముందు మన పెద్దవాళ్ళు లాంతరు దించి చూసేవారు. లాంతరు ఆరిపోతే దిగకూడదు. అయితే ఆరనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. విషవాయువు కొంచెం ఉన్నా మంట ఆరదు. మరుగుదొడ్డి ట్యాంకులోకి మాత్రం దీపం, అగ్గిపుల్ల దించనే కూడదు. అక్కడ మీథేన్ ఉంటుంది, పేలుతుంది. రక్షణ సామాన్లు లేకుండా మనుషుల్ని ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. లోపల ఒకరు పడిపోతే, వాళ్ళను తీయాలని వెంటనే ఇంకొకరు దిగుతారు. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం తండ్రి. అలా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన సంగతులు పేపర్లో చూస్తూనే ఉన్నాం. దిగాలనిపించడం సహజం. అయినా ఆపండి. చెయ్యి పట్టుకుని ఆపండి. 101కి ఫోన్ చేసి ఫైరింజన్‌ను పిలవండి. గనుల్లో కూడా గాలి సంచులు కట్టుకున్న శిక్షణ పొందిన జట్టే లోపలికి వెళుతుంది. మిగతా వాళ్ళను వెళ్ళనివ్వరు.

పిన్నిగారికి చెప్పిన జవాబు

"భయం లేదు" అని నేను చెప్పలేదు. ప్రమాదం ఉంది. కానీ దాన్ని ముందే పట్టుకునే దారులూ ఉన్నాయి. ఒక్కొక్క దారి వెనక ఎందరో పోయిన ప్రాణాలున్నాయి. "అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడుగుతారు కదా. దాంతోపాటు ఇవీ అడగండి" అన్నాను. కప్పు తట్టి చూశారా? గాలి కొలిచారా? నడుముకి కట్టుకునే ఊపిరి డబ్బా ఇచ్చారా? లోపల పొగ నిండితే బయటికి వచ్చేదాకా ఆ డబ్బాయే ప్రాణం నిలుపుతుంది.

పిన్నిగారు ఆ మూడు ప్రశ్నలూ తన నోటు పుస్తకంలో రాసుకున్నారు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో కుంపటి ఏ గదిలో పెడతారు? ఆ గదికి కిటికీ ఉందా?
2. మీ వీధిలో పాడుబడ్డ బావి ఉందా? దానికి మూత ఉందా?
3. బావిలో మనిషి పడిపోతే ముందు ఏం చేయాలి? ఏం చేయకూడదు?